16 పిక్సెళ్లలో ఏటికొప్పాక బొంగరం: ప్రాజెక్టు డైరీ

పని ఏంటంటే

అనకాపల్లిలో అక్కావాళ్లకి ఏటికొప్పాక బొమ్మల షాపు ఉంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలదే కావడంతో, ఆ వీడియో చూసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్ చేసి "వెబ్‌సైటు ఉందా?" అని అడగడం మొదలుపెట్టారట. సైటు నేనే కట్టిచ్చాను. బొమ్మలు, ధరలు, ఫోన్ నంబరు అన్నీ కుదిరాయి. బ్రౌజర్ ట్యాబులో మాత్రం ఇంకా ఆ బోసి భూగోళం గుర్తే కనపడుతోంది.

షాపు ల్యాప్‌టాప్‌లో బిల్లింగ్ షార్ట్‌కట్‌దీ అదే పరిస్థితి, ఉత్త తెల్లకాగితం బొమ్మ. బావగారికి కంప్యూటరంటే కాస్త దూరం. డెస్క్‌టాప్ మీద ఏది బిల్లింగో, ఏది స్టాకు లెక్కల ఫైలో కింద పేరు చదివి గానీ నొక్కరు. "మన బొమ్మే అక్కడ కనపడేలా చెయ్యి బామ్మర్దీ. ఫోన్లో ఫొటో తీసి పెట్టేస్తే అయిపోద్ది కదా" అన్నారు.

ఫోన్లో ఫొటో వరకు నిజమే. "పెట్టేస్తే" అన్న మాట దగ్గరే అసలు పనంతా ఉంది. ఒక్క ఫొటో నుంచి నాకు కావాల్సినవి ఇవి: సైటుకి ఫేవికాన్ (ట్యాబులో పేరు పక్కన కనపడే చిన్న బొమ్మ), ఐఫోన్ హోమ్ స్క్రీన్ మీదకి ఒక పీఎన్‌జీ (వెనక భాగాన్ని పారదర్శకంగా ఉంచగలిగే బొమ్మ ఫైలు), ఆండ్రాయిడ్‌కి ఇంకో రెండు, విండోస్ షార్ట్‌కట్‌కి ఒక ఐకో ఫైలు (విండోస్ ఐకాన్ల రకం). వీలైతే నా లినక్స్‌కి కూడా ఒకటి. ఖర్చు సున్నా. బొమ్మలు దిద్దడానికి గింప్, రకాలూ సైజులూ మార్చడానికి ఇమేజ్‌మ్యాజిక్ ఉన్నాయి, రెండూ ఉచితమే.

శనివారం సాయంత్రం: ఏ బొమ్మ?

బావగారి ఓటు లక్కపిడతల సెట్టుకి. పొయ్యి, కుండలు, గరిటెలు, రోలు, తిరగలి అన్నీ పళ్లెంలో సర్ది తీసిన ఫొటో ఆయన వాట్సాప్ డీపీ కూడా. చూడ్డానికి నిజంగా ముచ్చటగా ఉంటుంది. నేను వాదన పెట్టుకోలేదు. ఆ ఫొటోని చదరంగా కత్తిరించి, ట్యాబులో ఐకాన్‌కి ఉండే 16 బై 16 పిక్సెళ్లకి తగ్గించి, మళ్లీ స్క్రీనంతా పెద్దది చేసి చూపించాను. అటూ ఇటూ కాని గోధుమ రంగు మరక, మధ్యలో రెండు పసుపు చుక్కలు.

లెక్క చూస్తే ఆశ్చర్యమేం లేదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోని చదరంగా కోస్తే 3000 బై 3000, అంటే 90 లక్షల పిక్సెళ్లు. ట్యాబులో ఐకాన్‌కి దక్కేది మొత్తం 256. సుమారు 35 వేల పిక్సెళ్లు కలిసి ఒక్కటవుతాయి. అందులో గరిటె ఏది, తిరగలి ఏది?

తర్వాత కుంకుమ భరిణె పెట్టి చూశాం. రంగు బాగానే నిలబడింది కానీ ఆకారం ఉత్త గుండ్రం. అది బంతి కావచ్చు, టమాటా కావచ్చు. అప్పుడు అక్క అంది: "ఒరేయ్, బొంగరం పెట్టు. నల్ల రంగు పూసేసినా అది బొంగరమనే తెలుస్తుంది."

ఐకాన్లు గీసేవాళ్లు చేసే మొదటి పరీక్ష అదే. లోపలి వివరాలన్నీ తీసేసి, ఆకారాన్ని మొత్తం నల్లగా నింపి చూడటం. అక్కకి అది ఎవరూ చెప్పలేదు, ఏళ్ల తరబడి అద్దాల బీరువాలో బొమ్మలు సర్ది సర్ది వచ్చిన కన్ను. బొంగరం గెలిచింది. బావగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఒప్పుకుంటారు.

ఆదివారం ఉదయం: ఫొటో

షాపులో ట్యూబులైట్ల కింద తీసిన ఫొటోలు పనికిరాలేదు. కారణం లక్కే. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ దానికి రంగు కలిపిన లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. ఆ మెరుగు మీద పైనున్న ప్రతి ట్యూబులైటూ ఒక తెల్ల గీతలా పడుతుంది. మామూలుగా చూస్తే అందమే. చిన్న ఐకాన్‌లో మాత్రం బొంగరానికి చిల్లు పడినట్టు కనపడుతుంది.

అందుకని ఇంటికి తెచ్చి, ఉత్తరం వైపు కిటికీకి బావగారి తెల్ల పంచె ఒకటి వేలాడదీశాం. ఎండ నేరుగా పడకుండా పంచె గుండా పరుచుకుని వచ్చింది. గీతల స్థానంలో ఎడమ భుజం మీద ఒకే ఒక్క మెత్తని వెలుగు మిగిలింది. ఇది కావాలనే ఉంచుకున్నాను, తర్వాత పనికొస్తుంది.

బొంగరం దానంతటది నిలబడదు కాబట్టి మొన కింద చిన్న చపాతీ పిండి ముద్ద పెట్టాం. వెనకాల బూడిద రంగు చార్టు, బొమ్మకి రెండు అడుగుల దూరంలో. చార్టుని దగ్గరగా పెడితే దాని రంగు లక్క అంచుల మీద ప్రతిఫలిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక కూడా ఆ బూడిద చాయ అంచుకి అంటుకునే ఉంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఉన్న బొమ్మకి ఆ మూడింట్లో ఏ రంగూ కాని ఇలాంటి చార్టే మంచిది. బొమ్మ ఎక్కడ ఆగి కాగితం ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్‌కి తేలిగ్గా తెలుస్తుంది.

ఫోన్ విషయంలో రెండు మాటలు. ఫోన్ మెయిన్ కెమెరా వెడల్పు లెన్సు. బొమ్మకి బాగా దగ్గరగా పెట్టి తీస్తే ముందుకున్న భాగం ఉబ్బి, వెనకది కుంచించుకుపోతుంది. బొంగరం పొట్ట లావుగా, కాడ పుల్లలా వచ్చింది. నాలుగడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీస్తే నిష్పత్తి సరిగ్గా కుదిరింది. రెండోది, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. వెనకాల మసక చేసే ఉత్సాహంలో అది సన్నటి కాడని కూడా సగం మసక చేసేస్తుంది.

ఆదివారం రాత్రి: ఫోన్ నుంచి కంప్యూటరుకి

ఇది చిన్న పనే గానీ ఇక్కడే చాలామంది ఫొటోలు పాడవుతాయి.

ఫొటో తీసింది అక్క ఐఫోన్‌తో. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ మామూలుగా జేపెగ్‌లో కాకుండా హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తుంది. చోటు తక్కువ పడుతుంది, నాణ్యత బాగుంటుంది, కానీ చాలా ఐకాన్ పనిముట్లకి అది నోరు తిరగదు. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" పెడితే జేపెగ్ వస్తుంది. నేను తీసిన ఫైలునే ఇమేజ్‌మ్యాజిక్‌తో పీఎన్‌జీ చేసుకున్నాను. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది కాబట్టి, పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపాలి.

తర్వాత మూడు పనులు, వరసగా ఇదే క్రమంలో.

మొదట నిటారు చెయ్యడం. ఫోన్ని నిలువుగా పట్టుకుని తీసినా చాలాసార్లు ఫైల్లో ఫొటో అడ్డంగానే ఉంటుంది. పక్కన ఎగ్జిఫ్ సమాచారంలో (ఫొటోతో పాటు ఫోన్ ఫైల్లో రాసిపెట్టే వివరాలు) "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఒక గుర్తు ఉంటుంది. గ్యాలరీ యాప్ దాన్ని పాటిస్తుంది, కొన్ని కన్వర్టర్లు పట్టించుకోవు. బొంగరం పడుకుని కనపడిందంటే కారణం ఇదే. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఆటో ఓరియెంట్ అనే ఆప్షన్ పిక్సెళ్లనే నిజంగా తిప్పేస్తుంది.

రెండోది రంగు. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. ఆ పరిధి ఏదో చెప్పే ప్రొఫైల్‌ని మార్చకుండా ఉత్తినే తీసిపారేస్తే లక్క ఎరుపు వెలిసిపోయినట్టు వస్తుంది. అందుకే ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ పరిధిలోకి మార్చుకోవాలి.

ఆ రెండూ అయ్యాకే మూడోది, ఎగ్జిఫ్ మొత్తం తీసెయ్యడం. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లో రాసి ఉంటుంది. ఈ ఫొటో తీసింది అక్కావాళ్ల ఇంట్లో. ఐకాన్‌తో పాటు ఇంటి ఆచూకీ కూడా సైటులో పెట్టడం ఎందుకు?

సోమవారం: కత్తిరింపు

బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యడం ఇప్పుడు కష్టమైన పని కాదు. ఐఓఎస్ 16 నుంచి ఐఫోన్లో బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలు, అదొక్కటే విడిగా పైకి లేస్తుంది. దాన్నే వాడాను. తొంభై శాతం బాగా వచ్చింది. మిగతా పది శాతం గింప్‌లో పెద్దది చేసి చూస్తే బయటపడింది: బొంగరం చుట్టూ వెంట్రుకవాసి మందంలో బూడిద రంగు అంచు.

తెల్ల ట్యాబు మీద ఆ అంచు ఎవరికీ కనపడదు. బ్రౌజర్ డార్క్ మోడ్‌లో ఉంటే మాత్రం బొమ్మ చుట్టూ పాలిపోయిన గీతలా వెలుగుతుంది. సెలెక్షన్‌ని రెండు మూడు పిక్సెళ్లు లోపలికి కుదించి మళ్లీ కోశాను, అంచు పోయింది. 3000 పిక్సెళ్ల ఫొటోలో మూడు పిక్సెళ్లు పోతే బొంగరానికి నష్టమేం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది 1024 బై 1024 పారదర్శక పీఎన్‌జీ, చుట్టూ కాస్త ఖాళీతో. ఇదే మూలం. ఇక మీదట అన్ని సైజులూ దీన్నుంచే పుట్టాలి. 32లోంచి 16, 16లోంచి ఇంకోటి అని పిల్ల ఫైళ్లలోంచి పిల్లల్ని తియ్యకూడదు. తీసిన ప్రతిసారీ మసక పెరుగుతుంది.

మంగళవారం, బుధవారం: ఆ 16 పిక్సెళ్లు

256లో అద్భుతం. 64లో బాగుంది. 48 ఫరవాలేదు. 32 దగ్గర చారలు అలుక్కోవడం మొదలైంది. 16లో బొంగరం కనపడట్లేదు, మందారమొగ్గలాంటిదేదో ఉంది.

కాడ సంగతే చూడండి. అసలు ఫొటోలో బొంగరం ఎత్తు దాదాపు 2000 పిక్సెళ్లు. దాన్ని 16కి తెస్తే ఒక్కో ఐకాన్ పిక్సెల్‌కి 125 అసలు పిక్సెళ్లు. కాడ మందం 60. అంటే ఐకాన్‌లో దాని వాటా అర పిక్సెల్. అర పిక్సెల్ అనేది ఉండదు కాబట్టి కంప్యూటరు ఒక పూర్తి పిక్సెల్‌ని సగం రంగుతో నింపుతుంది. అదీ కాక కాడ సరిగ్గా రెండు నిలువు వరసల సరిహద్దు మీద పడితే, రెండు వరసల్లోనూ పావు రంగు చొప్పున పంచుతుంది. చివరికి బొంగరం నెత్తిన పొగ లేచినట్టుంది.

చారలదీ అదే కథ. మా బొంగరం మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మళ్లీ పసుపు, ఇలా సన్నటి చారలు చాలా ఉన్నాయి. ఒక్కోటి పిక్సెల్ కన్నా సన్నం. కుదించినప్పుడు పక్కపక్కన ఉన్న రంగులన్నీ కలిసి ఆ మురికి గోధుమ రంగు తయారైంది. కుదించే పద్ధతిని లాంజోస్ ఫిల్టర్‌కి మార్చి చూశాను, తర్వాత షార్పెన్ చేశాను, ముందు లీనియర్ రంగులోకి (కాంతి కొలత ప్రకారం లెక్కేసే రంగు) మార్చి కుదించాను. ఆఖరిదానితో రంగు కొంచెం తేటపడింది. కానీ లేని చోటు ఏ ఫిల్టరూ సృష్టించలేదు.

ఇక్కడ ఫొటోని పక్కన పెట్టేశాను. గింప్‌లో 16 బై 16 ఖాళీ కాన్వాసు తెరిచి, 3200 శాతం పెద్దది చేసి, గడులు కనపడేలా పెట్టుకుని, పెన్సిల్ పనిముట్టుతో ఒక్కో పిక్సెల్ పెట్టుకుంటూ వెళ్లాను. చుక్కల ముగ్గు వేసినట్టే. చుక్కలు ఎన్నని ముందే తెలిసినప్పుడు గీత ఎక్కడ తిరగాలో చెయ్యికి తెలుస్తుంది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటాష్ ఐకాన్లని సుసాన్ కేర్ గళ్ల కాగితం మీద 32 బై 32 గడుల్లో నింపి తయారుచేశారు, అదీ ఉత్త నలుపు తెలుపుల్లో. నాకు రంగులైనా ఉన్నాయి.

మొదట వచ్చిన చిక్కు నడిగీత. 16 సరి సంఖ్య. బొంగరం రెండు వైపులా సమానంగా ఉండాలంటే నడిగీత ఎనిమిదో వరసకీ తొమ్మిదో వరసకీ మధ్యలో పడుతుంది. కాబట్టి కాడ మందం రెండు పిక్సెళ్లే అయి తీరాలి. ఒకటి పెడితే బొంగరం పక్కకి ఒరిగినట్టుంటుంది, మూడు పెట్టినా అంతే. మొనకీ ఇదే నియమం. అసలు బొంగరంలో కాడ పొట్ట వెడల్పులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, నా ఐకాన్‌లో ఏడో వంతు. నిష్పత్తి ప్రకారం అబద్ధమే, కంటికి మాత్రం ఇదే నిజంగా ఉంది.

కాడకి పైనుంచి నాలుగు అడ్డ వరసలు. తర్వాత పొట్ట ఒక్కసారిగా 14 పిక్సెళ్ల వెడల్పుకి విచ్చుకుని, కిందకి పోయేకొద్దీ అటొకటి ఇటొకటి తగ్గుతూ రెండు పిక్సెళ్ల మొన దగ్గర ఆగుతుంది. చారలు మూడే మూడు: పైన ఎరుపు, నడుమ పసుపు, కింద మళ్లీ ఎరుపు. ఆకుపచ్చని తీసేశాను. ఒక్క పిక్సెల్ ఆకుపచ్చ, ఎరుపు పక్కన నల్ల మచ్చలా కనపడుతోంది తప్ప ఆకుపచ్చలా లేదు. పసుపు చారని నేరుగా గీస్తే బొంగరం చదునుగా, కత్తిరించిన అట్టముక్కలా వచ్చింది. పసుపు చార రెండు చివర్లనీ ఒక్కో పిక్సెల్ పైకి జరిపాను. అంతే, గుండ్రదనం వచ్చేసింది. కిటికీ వెలుగు గుర్తుందా? ఎడమ భుజం మీద ఒకే ఒక్క లేత గులాబీ పిక్సెల్ పెట్టాను. లక్క మెరుపు మొత్తం ఆ ఒక్క పిక్సెల్‌లో ఉంది.

అంచుకి నల్ల గీత కొట్టబోయి ఆగాను. డార్క్ మోడ్ ట్యాబులో నలుపు కలిసిపోయి బొంగరం సన్నబడిపోతుంది. దానికి బదులు ముదురు ఎరుపు పెడితే తెలుపు మీదా, నలుపు మీదా రెంటి మీదా నిలిచింది.

32 సైజుకి ఫొటోనే కుదించి, కాడని మాత్రం లావు చేసి, చారలు ఐదుకి తగ్గించాను. 48 నుంచి పైవన్నీ ఫొటోలోంచి వచ్చినవి వచ్చినట్టే.

అక్కకి చూపిస్తే కళ్లజోడు పైకి తోసి దగ్గరగా చూసి, "ఇది మనదే" అంది. బావగారు మాత్రం, "పక్కన శ్రీ కూడా పడితే బాగుండేది" అన్నారు. షాపు పేరు శ్రీతో మొదలవుతుంది మరి.

సరే, అదీ చూద్దామని బొంగరం తీసేసి ఉత్త శ్రీ ఒక్కటే 16లో పెట్టాను. ఇంగ్లీషువాళ్లు వాళ్ల సైటు పేరులో మొదటి అక్షరం ఒకటి పెట్టేసి చేతులు దులుపుకుంటారు. వాళ్లకి సాగుతుంది. శ్రీ అంటే పైన గుడి దీర్ఘం, మధ్యలో శ, కింద ర వత్తు, మూడంతస్తులు. 16 వరసల్ని మూడుకి పంచితే ఒక్కో అంతస్తుకి ఐదు వరసలు. సున్నా చుట్టాలంటే కనీసం మూడు పిక్సెళ్లు కావాలి, నడిమిది ఖాళీగా ఉండాలి. శలో ఉన్న మెలికలకి అది చాలదు. 32లో కొంచెం పోల్చుకోవచ్చు, 48లో చక్కగా ఉంది. అందుకని రాజీ: 64, అంతకన్నా పెద్ద సైజుల్లో బొంగరం పక్కన శ్రీ ఉంటుంది, చిన్న సైజుల్లో బొంగరం ఒక్కటే. ఒకే ఐకాన్‌లో సైజుని బట్టి బొమ్మ మారొచ్చా అని బావగారి అనుమానం. మారొచ్చు, ఐకో ఫైలు ఉన్నదే అందుకు.

గురువారం: ఐకో సంచి

ఐకో అనేది బొమ్మ కాదు, బొమ్మల సంచి. ఫైలు మొదట్లో 6 బైట్ల తలకట్టు: ఇది ఐకాన్, లోపల ఇన్ని బొమ్మలున్నాయి అని. తర్వాత ఒక్కో బొమ్మకి 16 బైట్ల చీటీ: వెడల్పు, ఎత్తు, ఎన్ని బైట్లు, ఫైల్లో ఎక్కడ మొదలు అని. ఆపైన అసలు బొమ్మలు. విండోస్‌కో బ్రౌజర్‌కో ఏ సైజు కావాలో చూసుకుని ఆ చీటీ పట్టుకుని తీసుకుంటుంది. వెడల్పు రాసే చోటు ఒక్క బైటే కాబట్టి 255 దాకానే పడుతుంది. 256 రాయాలంటే అక్కడ సున్నా పెడతారు. ఇదొక తమాషా ఏర్పాటు.

ఆన్‌లైన్‌లో ఉచిత కన్వర్టరు ఒకదాన్ని సరదాకి పరీక్షించాను. 1024 పీఎన్‌జీ ఇస్తే క్షణంలో ఐకో వచ్చింది. షార్ట్‌కట్‌కి పెట్టబోతే విండోస్ తీసుకోలేదు. ఫైలుని బైట్ల రూపంలో తెరిచి చూశాను. ఐకో అయితే మొదటి నాలుగు బైట్లు 0 0 1 0 ఉండాలి. ఇందులో 137 80 78 71 ఉన్నాయి, అది పీఎన్‌జీ ముద్ర. పేరు చివర మార్చి ఇచ్చారంతే. బ్రౌజర్లు పేరుని కాక లోపలి సరుకుని చూస్తాయి కాబట్టి సైటులో ఇలాంటిది పని చేసేస్తుంది, అందుకే చాలామందికి తేడా తెలీదు.

సొంతంగా చేసుకోవడం కష్టమేం కాదు. గింప్‌లో ఒక్కో సైజుని ఒక్కో లేయరుగా పెట్టి, ఐకోగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి లేయరూ సంచిలో ఒక బొమ్మవుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో అయితే విడి పీఎన్‌జీలన్నీ వరసగా ఇచ్చి చివర ఐకో పేరు ఇస్తే సరి. దాంట్లో ఆటో రీసైజ్ అనే సౌకర్యం కూడా ఉంది, పెద్ద బొమ్మ ఒకటిస్తే అన్ని సైజులూ అదే చేస్తుంది. నేను వాడలేదు. చేత్తో గీసిన 16ని పక్కకి నెట్టి మళ్లీ ఆ మందారమొగ్గనే పెడుతుంది కదా.

సైటు కోసం 16, 32, 48 మూడిటితో చేసిన ఫేవికాన్ సరిగ్గా 15,086 బైట్లు వచ్చింది. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చూస్తే బాగుంటుంది. 16 బై 16 బొమ్మలో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 1024, దాని సొంత తలకట్టు 40, పాత కాలం నుంచి వస్తున్న పారదర్శకత ముసుగు 64, మొత్తం 1128. అలాగే 32కి 4264, 48కి 9640. వీటికి మొదటి 6 బైట్లు, మూడు చీటీలకి 48 కలపండి. లెక్క సరిపోయింది. ఫొటో ఏదైనా సరే, కుదించకుండా దాచిన ఈ మూడు సైజుల ఫేవికాన్ ఇంతే ఉంటుంది.

డెస్క్‌టాప్‌ది వేరే ఫైలు: 16, 20, 24, 32, 40, 48, 64, 256. మధ్యలో 20, 40 ఎందుకంటే, షాపు ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేల్ (స్క్రీను మీదివన్నీ పెద్దవిగా చూపించే అమరిక) 125 శాతం ఉంది. అక్కడ 16 అడగాల్సిన చోట విండోస్ 20 అడుగుతుంది. లేకపోతే పెద్దదాన్ని తనే కుదించుకుని మసక చేస్తుంది. 256 బొమ్మని మామూలుగా దాస్తే అదొక్కటే 2 లక్షల 70 వేల బైట్లు దాటుతుంది. విండోస్ విస్టా నుంచి ఐకో లోపల పీఎన్‌జీని అలాగే పెట్టుకోవచ్చు. గింప్ ఎక్స్‌పోర్ట్ కిటికీలో ఆ సైజు పక్కన కంప్రెస్డ్ అని టిక్ పెడితే చాలు. చిన్న సైజులకి ఆ టిక్ పెట్టలేదు, అక్కడ మిగిలేదీ ఏం లేదు.

శుక్రవారం: పెట్టేశాం

విండోస్‌లో: షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, చేంజ్ ఐకాన్, ఫైలు చూపించడం. ఐకో ఫైలుని డౌన్‌లోడ్స్‌లో మాత్రం ఉంచకండి. షార్ట్‌కట్ బొమ్మని తనలోకి తీసుకోదు, ఫైలు ఎక్కడుందో గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. ఎవరో ఒకరోజు డౌన్‌లోడ్స్ శుభ్రం చేస్తారు, బొంగరం పోయి తెల్లకాగితం వస్తుంది. నేను బిల్లింగ్ ఫోల్డరులోనే పెట్టాను. ఫైలులో మార్పులు చేసినా పాత బొమ్మే కనపడుతుంటే అది విండోస్ ఐకాన్ క్యాష్ (ముందు చూపించిన బొమ్మల్ని దాచుకునే చోటు) పని. కొత్త పేరుతో సేవ్ చేసి మళ్లీ చూపించడం అన్నిటికన్నా దగ్గర దారి.

సైటులో: ఫేవికాన్ ఫైలుని రూట్ ఫోల్డరులో (సైటు ఫైళ్లన్నిటికీ పైనుండే ఫోల్డరు) పెట్టాను. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో మొదలైన అలవాటు ఇది, ఇప్పటికీ పేజీలో ఏమీ రాయకపోయినా బ్రౌజర్లు అక్కడ వెతుకుతాయి. అయినా హెడ్ భాగంలో లింక్ ట్యాగ్ కూడా రాశాను. మొదట అరగంట సేపు ట్యాబులో భూగోళమే ఉంది. బ్రౌజర్లు ఫేవికాన్‌ని ఒక పట్టాన వదలవు. లింకు చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి వెర్షన్ నంబరు తగిలిస్తే కొత్త ఫైలనుకుని తెచ్చుకుంది. గూగుల్ వెతుకులాటలో పేరు పక్కన బొంగరం రావాలంటే మాత్రం వాళ్ల క్రాలర్ (సైట్లన్నీ చూసిపోయే ప్రోగ్రాం) మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే.

ఐఫోన్‌కి 180 బై 180 పీఎన్‌జీ. దీనికి పారదర్శకం పనికిరాదు, ఖాళీ చోటుని ఐఫోన్ నలుపుతో నింపేస్తుంది. పసుపు రంగు నిండుగా పరిచి దాని మీద బొంగరం పెట్టాను. మూలలు మనం గుండ్రం చెయ్యక్కర్లేదు, ఫోనే కోసుకుంటుంది. ఆండ్రాయిడ్‌కి మేనిఫెస్ట్ ఫైల్లో (సైటు పేరు, ఐకాన్లు ఏవో చెప్పే చిన్న ఫైలు) 192, 512 సైజులు రాయాలి. అక్కడ కంపెనీకో ఆకారం, ఒకళ్లు గుండ్రంగా కోస్తారు, ఒకళ్లు చతురస్రంగా. మాస్కబుల్ (ఫోన్ తన ఆకారంలో కోసుకోవచ్చు) అని రాసే బొమ్మలో ముఖ్యమైనదంతా మధ్యలో 80 శాతం వ్యాసమున్న వలయంలో ఉండాలి. 512లో అది సుమారు 409 పిక్సెళ్లు. మొదట పెట్టిన బొమ్మలో కాడ కొస తెగింది, బొంగరాన్ని కాస్త చిన్నది చేస్తే సరిపోయింది.

లినక్స్‌లో పని రెండు నిమిషాలు. ఐకో అక్కర్లేదు, విడి పీఎన్‌జీలని హైకలర్ అనే ఐకాన్ల ఫోల్డరులో సైజుల వారీగా పెట్టి, డెస్క్‌టాప్ ఫైల్లో (షార్ట్‌కట్ వివరాలుండే ఫైలు) పేరు రాస్తే అయిపోతుంది. మ్యాక్‌కి ఐసీఎన్‌ఎస్ అనే వేరే సంచి ఉంది, దాంట్లో 1024 దాకా వెళ్తుంది. ఇంట్లో ఎవరికీ మ్యాక్ లేదు కాబట్టి ఆ జోలికి పోలేదు.

శనివారం

బావగారు ఇప్పుడు పేరు చదవకుండానే బిల్లింగ్ నొక్కుతున్నారు. పెద్ద సైజులో శ్రీ కూడా ఉండటంతో లక్కపిడతల ఊసెత్తట్లేదు. మధ్యాహ్నం మాత్రం ఫోన్ చేసి, కొత్త బోర్డుకి ఈ ఐకానే వేయిద్దామని ఫైలు ఫ్లెక్స్ వాళ్లకి పంపబోతున్నానన్నారు. ఆపమన్నాను. 256 పిక్సెళ్లని అచ్చుకి కావాల్సిన 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేస్తే రెండుంబావు సెంటీమీటర్లు దాటదు, ఆరడుగుల బోర్డు మీద అది గళ్లగళ్లుగా తేలుతుంది. అక్క ఫోన్లో ఉన్న అసలు ఫొటోనే, బ్యాక్‌గ్రౌండ్ తీసి, పూర్తి సైజులో డాక్యుమెంటుగా ఫ్లెక్స్ వాళ్లకి పంపాను. చారలన్నీ వెయ్యమని, ఆకుపచ్చతో సహా, కింద రాశాను.